బన్నులో ఎండుద్రాక్ష

ఆ సాయంత్రం పరుపుల మావయ్య చెయ్యాల్సిన పని ఒక్కటే. వెళ్ళి కారులో కూర్చోవాలి. తోలక్కర్లేదు, తొయ్యక్కర్లేదు, స్పానరు ముట్టుకోనక్కర్లేదు. సీట్లో కూర్చుని, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, కదలకుండా మెదలకుండా కాసేపు బరువుగా ఉంటే చాలు. బరువుగా ఉండటం ఆయనకి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. నోరు కట్టేసుకుని ఉండటమంటారా, ఆ విద్య చెప్పిన రోజున ఆయన బడికి సెలవు పెట్టినట్టున్నాడు.

సంగతేమిటంటే, ఆయనకీ ఆయన భార్యకీ ఉమ్మడిగా ఒక పాత ఎర్ర కారుంది. రెండే తలుపులు, నేలని రాసుకుంటున్నట్టు ఎత్తు, పొడుగాటి ముక్కు. దాని ఈడు కార్లన్నీ ఎప్పుడో తుక్కులోకి వెళ్ళిపోయాయి. ఇది మాత్రం ఇంకా పడుచుదాన్నే అనుకుంటోంది. ఊరి బయట రేసు ట్రాకు వాళ్ళు అప్పుడప్పుడు ట్రాక్ డే అని పెడతారు. పోటీ ఉండదు, బహుమతులుండవు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని ఆ మలుపుల్లో ఆశ తీరా తోలుకోవడమే. కారుకి ఒక్క డ్రైవరునే రానిస్తారు. పోయినసారి ఆమె తోలింది. ఆమె స్కూలు బస్సు డ్రైవరు. ఏడాది పొడుగునా బస్సు నిండా పిల్లల్నీ, వాళ్ళ అరుపుల్నీ మోసుకుంటూ, గుంత కనపడితే బ్రేకు మీద కాలు పెట్టుకుంటూ బతికే మనిషి. ట్రాకు మీద ఒక్కరోజు ఆ కాలు బ్రేకు వైపు చూడదు. ఈసారి వంతు మావయ్యది. రేపే.

కాకపోతే ఒక షరతు. పాత కారు మలుపులో నిలబడాలంటే దాన్ని సరిగ్గా తూచి కట్టాలి. నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు పెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో చూసి, స్ప్రింగుల కింద బిళ్ళలు తిప్పి సర్దాలి. ఆ తర్వాత రెండు పక్కలా దారం లాగి కట్టి చక్రాల చూపు సరిచెయ్యాలి. ఇదంతా తోలే మనిషి సీట్లో ఉండగానే జరగాలి. ఖాళీ సీటుతో తూచితే, మనిషి ఎక్కగానే ఆ లెక్క కాస్తా ఒక పక్కకి ఒరిగిపోతుంది. అంచేత మొగుడూ పెళ్ళాలు ఇంట్లోనే మాట అనేసుకున్నారు. సర్దేటప్పుడు సీట్లో ఎవరి బరువు ఉంటే, రేపు తోలేది వాళ్ళే.

సర్దేది ఆవిడ తమ్ముడు. వీల్ అలైన్‌మెంట్ షాపు వాడిది. ఆ షాపుకీ టీ పిన్ని కొట్టుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. చీకటి పడకముందే కారుని మోసుకెళ్ళే లారీ వస్తుంది.

"ఒక్క గుక్క టీ తాగి వచ్చేస్తా," అని మావయ్య గోడ ఇవతలికి వచ్చాడు.

కొట్లో ఒక బల్ల మీద డ్రిల్లు మాస్టారు, ఇంకో బల్ల మీద కొలతల టేపు మెళ్ళో వేసుకుని టైలరు. కూర్చోడానికి ఇంకేమీ లేక, పిన్ని గోడ వారగా పెట్టుకున్న పంచదార బస్తా మీద మావయ్య సర్దుకు కూర్చున్నాడు. మెత్తగా, నిబ్బరంగా ఉంది. పరుపుల వ్యాపారి కదా, కింద ఏముందో ఒంటితోనే పసిగడతాడు. టీ గ్లాసు చేతికొచ్చింది. గుక్క తాగి లేచేవాడే. డ్రిల్లు మాస్టారు ఊరుకోకుండా అడిగాడు.

"ఏమోయ్, రేపు తోలేది నువ్వేనటగా? ఆ పాత డబ్బా మలుపు తిరుగుతుందా అసలు?"

అయిపోయింది. మావయ్య గ్లాసు పక్కన పెట్టాడు. గ్లాసు పక్కన పెట్టాడంటే చేతులు రెండూ కావాలన్నమాట.

"తిరుగుతుందా అని అడుగుతున్నారా మాస్టారూ? మీరు పెద్దవారు కాబట్టి సరిపోయింది. మొదట్లో తిరిగేది కాదు, అబద్ధమెందుకు చెప్పాలి, నేను కుడికి తిప్పితే అది అచ్చం మా పెద్దొదిన లాగా, ఉండు, కనుక్కుని చెప్తా అన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు తిరిగేది. ఏంటా అని కిందకి దూరి చూద్దును కదా, చక్రాన్ని పట్టుకుని ఉండే కడ్డీల చివర రబ్బరు బుష్‌లుంటాయి చూశారూ, అవి టీలో ముంచిన బిస్కెట్టులా అయిపోయున్నాయి. పాత కారుకి అదే రోగం. అందరూ ఇంజను మీద పడి ఏడుస్తారు గానీ, గుణమంతా కింద ఉంటుంది, రబ్బరులో. పాతవి పీకి, కొత్తవి కొట్టా. ఒక్కణ్ణే. ఈ చేతుల్తో."

"ఒక్కడివేనా?" అన్నాడు టైలరు.

"ఒక్కణ్ణే మరి. పక్కన టార్చి పట్టుకునే దిక్కు కూడా లేదు."

ఆ రోజున టార్చి పట్టుకున్నది ఆయనే. అదీ చాలాసేపు తన మొహం మీదకే పట్టుకున్నాడు. బుష్‌లు కొట్టింది భార్యా, బావమరిదీ. కానీ ఇప్పుడు చెబుతుంటే సుత్తి దెబ్బల నొప్పి నిజంగానే తన మణికట్టులో తగులుతోంది. ఆయన కోతల్లో ఉన్న గొప్ప అదే. ముందు నమ్మేది ఆయనే.

"బావా!" గోడ అవతల నుంచి బావమరిది కేక. "కాటాలు పెట్టేశాం. వచ్చి కూర్చో!"

"వస్తున్నా వస్తున్నా!" అన్నాడు మావయ్య. నిజంగానే లేవబోయాడు కూడా. మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు.

"బుష్‌లు మార్చడం గొప్పేముందిలే," అన్నాడు మాస్టారు. "ఎవరైనా మారుస్తారు."

చేతులు మళ్ళీ గాల్లోకి లేచాయి.

"బుష్‌లతో ఆగితే నేనెందుకవుతా మాస్టారూ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్ప్రింగులు. బజారంతా తిరిగా. ఒకటి గట్టి, ఒకటి మెత్తన, ఒకటి ఈ కారుకి రాదంటారు, ఒకటి ఏ కారుకీ రాదంటారు. నాకా స్ప్రింగుల గురించి చెప్పేది? ఊళ్ళో సగం మందిని స్ప్రింగుల మీద పడుకోబెడుతున్నవాణ్ణి! నేరుగా షాపుకెళ్ళా. పెద్ద హోటలు వాళ్ళు చెప్పి చేయించుకున్న డబుల్ కాట్ పరుపు ఉంది, గుడ్డ కోసేశా, లోపలి నుంచి ఏరి ఏరి నాలుగు స్ప్రింగులు తీసి కారుకి బిగించా. ట్రాకు మీదికి తీసుకెళ్తే, మొదటిసారి కదా, పక్కసీట్లో వాళ్ళ శిక్షకుడు కూర్చున్నాడు, నేర్పడానికి. అన్నిటికన్నా గడ్డు మలుపు వస్తోంది. టైర్లు కీచుమంటున్నాయి. నేను ఆయన వైపు చూశా. మాస్టారూ, మీరు నమ్మరు. గురక!"

"గురకా?"

"గుర్రుపెట్టి నిద్ర. మలుపులో! అంత సుఖం. మూడో రౌండులో కదిలి, కళ్ళు తెరవకుండా, దిండుందా అని అడిగాడు."

టైలరు పగలబడి నవ్వాడు. పిన్ని పాలగిన్నె కింద మంట తగ్గించింది, కథ వినపడటం లేదని. మావయ్యకి ఒళ్ళు వేడెక్కింది. వినేవాళ్ళ మొహాలు ఇలా విచ్చుకుంటుంటే లేచి వెళ్ళడమంటే, పాలు పొంగే సమయానికి వంటింట్లోంచి వెళ్ళిపోవడమే.

"బావా! లారీ వచ్చేస్తుందయ్యా!"

"ఇదిగో, లేచా!" అని అరిచాడు కూర్చునే.

లోపల ఒక మూల ఆయనకి గుబులుగానే ఉంది. ఆయనకి రేపు కావాలి. మనసారా కావాలి. ఇంతవరకు ఆ ట్రాకు మీద ఆయన తోలింది ఒకే ఒక్క రౌండు. పోయినసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక, సరదాగా చూడవచ్చిన వాళ్ళందరినీ వరసగా, ముందు ఒక జీపుని పెట్టి, దాని వెనక పెళ్ళి ఊరేగింపులా నెమ్మదిగా తిప్పారు. అంత నెమ్మదిలోనూ, పెద్ద మలుపు దగ్గర స్టీరింగు ఆయన అరచేతుల్లో చిన్నగా వణికింది. నిద్రపోతున్న పిట్టని పట్టుకున్నట్టు. అదేదో చెప్పబోయింది, జీపు నెమ్మది చెయ్యడంతో ఆగిపోయింది. దాని మిగతా మాట వినాలని అప్పటి నుంచీ ఆయనకి మహా ఆశగా ఉంది. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నిజం కాబట్టి చెప్పడం చేతకాలేదు.

"సరే, స్ప్రింగులు బాగున్నాయి," అంది పిన్ని. "స్టీరింగు మాట వినలేదన్నావుగా, అదేమైంది?"

"అదే చెప్తున్నా పిన్నీ! వినడమా? అతిగా వినడం మొదలుపెట్టింది. దారం లాగి, చక్రాల చూపు నేను సరిచేసిన తర్వాత, స్టీరింగు తిప్పే పని లేకుండా పోయింది. కుడికి అని మనసులో అనుకుంటే చాలు, కుడికి. అదే వచ్చింది తిప్పలు. ఒకసారి దగ్గు వచ్చింది, పక్క కారుని దాటేసింది. తుమ్మాను, వెనక్కి తిరిగి నిలబడింది. ఇంటికొచ్చే దారిలో, మీకు తెలుసుగా, మా తోడల్లుడి ఇల్లు ఎడం పక్క వీధిలో ఉంటుంది. వాడు గుర్తొచ్చాడు అంతే, అనుకోలేదు కూడా, గుర్తొచ్చాడు. చూసేసరికి వాళ్ళ వాకిట్లో ఉన్నా! అప్పటి నుంచి తోలేటప్పుడు చుట్టాల్ని తలుచుకోను."

"మంచి పద్ధతి," అన్నాడు మాస్టారు. "నేను నడిచేటప్పుడు కూడా తలుచుకోను."

అప్పుడొచ్చింది భార్య. చేతులకి మోచేతుల దాకా గ్రీజు, జుట్టుకి గుడ్డ చుట్టుకుని, చెవి వెనక చాక్‌పీసు. గుమ్మంలో నిలబడి ఒక క్షణం మొగుణ్ణి చూసింది. చేతులు రెండూ గాల్లో, కళ్ళు మెరుస్తూ, టీ పక్కన మీగడ కట్టి. ఎన్నేళ్ళ కాపురం. ఆ చేతులు ఎంత ఎత్తున ఉంటే కథ ఎంత దూరం ఉందో ఆవిడకి తెలుసు.

పిన్ని దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. పిన్ని కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల ఊపింది.

"ఏమండీ, కాస్త లేస్తారా?" అంది ఆవిడ.

"వస్తున్నానే, ఈ ఒక్క ముక్కా..."

"రమ్మనడంలేదు. లేవమంటున్నా. ఈ బస్తాతో పనుంది."

"ఓ, దానికేం!" మావయ్య లేచి నిలబడ్డాడు. మాట తెగకుండా పక్కకి జరిగాడు. బావమరిది కూడా వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. బస్తా గుమ్మం దగ్గర తట్టుకుంటే మావయ్యే కాలితో ఒక తోపు తోసి సాయం కూడా చేశాడు.

"జాగ్రత్త, కుట్టు ఊడుతుంది. ఆఁ, ఎక్కడున్నాం మాస్టారూ?"

"తోడల్లుడి వాకిట్లో."

"అక్కడి నుంచి బయటపడ్డాం. ఇక మలుపులో ఒరగడం సంగతి. పాత కార్లన్నీ మలుపులో ఒక పక్కకి వాలిపోతాయి, పడవల్లా. దానికి కింద అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, ఈ పక్క చక్రాన్నీ ఆ పక్క చక్రాన్నీ కలుపుతూ. దాన్ని లావుది వేశా. ఎంత లావు? ఇంత!" అని తొడ చూపించాడు. "వేసి, పిన్నీ, నీ కొట్లో గ్లాసే, అంచుదాకా టీ పోయించుకుని, కారు లోపల కాదు, టాపు మీద పెట్టా. ట్రాకంతా తిప్పుకొచ్చా. చుక్క ఒలకలేదు. ఒలక్కపోవడం కాదు, మీగడ కట్టింది! అసలు కదిలితే కట్టదుగా మీగడ!"

"మన టీ గ్లాసు ఒకటి తగ్గిందని అప్పుడే అనుకున్నా," అంది పిన్ని.

గోడ అవతల స్పానరు టకటకలాడుతోంది. కేకలు మాత్రం ఆగిపోయాయి. చూశావా, ఇంకా తొందరేం లేదన్నమాట, అనుకున్నాడు మావయ్య. మనసు తేలికపడింది. నిలబడి చెప్పడంలో ఇంకో సుఖం కూడా ఉంది, కారుగా మారిపోవచ్చు. నడుం కాస్త వంచి, రెండు చేతులూ ముందుకి చాపి, బల్లల మధ్య మలుపు తిరిగాడు.

"ఇలా వస్తున్నా. ఎండ ఎడం పక్క నుంచి పడుతోంది, నా కారు నీడ కుడి పక్కన నాతోపాటు పరిగెడుతోంది. మలుపు వచ్చింది. నేను తిరిగా. నీడ తిరగలేకపోయింది!"

"ఏంటీ?"

"పట్టు చాల్లేదు మాస్టారూ. నేను కొత్త టైర్లు వేసింది కారుకి గానీ నీడకి కాదుగా. జర్రున జారి తిన్నగా ఇసకలోకి పోయింది. మిగిలిన రౌండంతా నీడ లేకుండానే తోలా. మళ్ళీ అక్కడికి వచ్చేసరికి పాపం దుమ్ము దులుపుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఎక్కించుకున్నా."

టైలరు బల్ల మీద చేత్తో చరిచాడు. అటు రోడ్డు మీద పోతున్న ఎవరో ఆగి లోపలికి తొంగిచూశారు. మావయ్య ఆ తొంగిచూసిన మొహం కోసం గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలుది వినండి. చివరి మలుపు ఉంది చూశారూ, జడ పిన్ను లాగా వెనక్కి తిరిగేది. దాంట్లోకి దూరా. ముందు ఒక ఎర్ర కారు కనపడింది. నాలాంటిదే. ఎవడ్రా వీడు అని తరిమా. వాడూ బాగానే తోలుతున్నాడు, ఒప్పుకోవాలి. నేను ఎంత తిప్పితే వాడూ అంతే తిప్పుతున్నాడు. దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్ళి నంబరు ప్లేటు చదివా. నాదే! అంత బిగువుగా తిరిగింది మాస్టారూ కారు, నా తోక నేనే తరుముతున్నా! అద్దంలో చూస్తే వెనకాల ఒక మీసాలాయన తరుముకొస్తున్నాడు, అదీ నేనే!"

"ఇద్దర్లో ఎవరు గెలిచారు?" అన్నాడు టైలరు నిదానంగా.

"ముందున్నవాడు. నేనేగా!"

మాస్టారు గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒరేయ్, ఒక్కటడుగుతా. అంత బాగా కుదిరిన కారుని మళ్ళీ ఇప్పుడు కాటాల మీద ఎందుకు ఎక్కించార్రా?"

గట్టి ప్రశ్నే. ఇంకొకడైతే తడబడేవాడు. మావయ్య సంతోషించాడు. ఇలాంటి ప్రశ్న పడితేనే కథకి మెట్టు దొరుకుతుంది.

"అక్కడే ఉంది కిటుకంతా! కారుని నా బరువుకి కట్టా మాస్టారూ. నా ఒంటి బరువుకి. ఎంత కచ్చితంగా అంటే, ఒకరోజు నాలుగు రౌండ్లు వేసి, ఆకలేసి, ఒక బన్ను తిన్నా. ఒక్కటే. వెళ్ళి కూర్చున్నా. స్టార్టు చేశా. మొదటి మలుపులోనే కారు మొరాయించింది. ఎవరు నువ్వు అన్నట్టు చూసింది. తిన్నగా గడ్డిలోకి తీసుకెళ్ళి నిలబెట్టింది!"

"ఒక్క బన్నుకేనా?" అంది పిన్ని. ఆవిడ పాలగరిటె పక్కన పెట్టి, దగ్గరగా వచ్చి నిలబడింది. గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం. మావయ్యకి అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ అంత ముచ్చటగా అడిగే మనిషిని అనుమానించడం ఆయన రక్తంలో లేదు.

"బన్ను దాకా ఎందుకు పిన్నీ! బన్నులో ఎండుద్రాక్ష!"

"ఎండుద్రాక్షకే?"

"ఒక్క ఎండుద్రాక్ష తేడా వస్తే మలుపు తిరగదు. ఒట్టు. నా షాపు మీద ఒట్టు, నా పరుపుల మీద ఒట్టు. అందుకే ట్రాకుకి వెళ్ళేముందు బన్ను తెచ్చుకుంటే ఎండుద్రాక్షలు ఏరి పక్కన పెడతా."

"అంటే అబ్బాయ్, కారుని ఏ బరువుకి కట్టారో సరిగ్గా ఆ బరువే సీట్లో ఉండాలి. ఎండుద్రాక్షంత తేడా ఉన్నా ఆ మనిషి ఎక్కకూడదు. అంతేనా?"

"ఎక్కకూడదు. మహాపాపం. తోలనివ్వకూడదు వాణ్ణి."

"మాస్టారూ, విన్నారుగా?"

"విన్నా."

"టైలరుబాబూ?"

"టేపు పెట్టి కొలిచి మరీ విన్నా పిన్నీ."

"మరి అబ్బాయ్," అంది పిన్ని, కొంగు తీసి నడుముకి దోపుకుంటూ. "ఇందాక నీ కిందనుంచి లాక్కెళ్ళిన నా పంచదార బస్తా, పాపం నీ బదులు నీ సీట్లో కూర్చుంది. కాటాల మీద తూచారు, దారం లాగారు, అన్నీ దాని బరువుకే బిగించారు. దానికీ నీకూ మధ్య ఎన్ని ఎండుద్రాక్షలుంటాయంటావ్?"

మావయ్య చేతులు గాల్లోనే ఉండిపోయాయి. నడుం ఇంకా మలుపులోనే ఉంది. నోరు తెరుచుకునే ఉంది గానీ, జీవితంలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

బయట లారీ ఇంజను గుర్రుమంది. అందరూ గుమ్మం దగ్గరికి పరిగెత్తారు. ఎర్ర కారుని బావమరిది పక్కనుంచి తోస్తూ, భార్య కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని సర్దుతూ, నెమ్మదిగా షాపులోంచి వీధిలోకి తెస్తున్నారు. సీట్లో పంచదార బస్తా. బెల్టు పెట్టుకుని ఉంది. దాని మీద మావయ్య హెల్మెట్టు. ఎవరో చాక్‌పీసుతో బస్తాకి మీసాలు కూడా గీశారు. ఎదురుగా లారీ పలక దింపుకుని నిలబడి ఉంది.

"అంతా బిగించేశారా?" అన్నాడు మావయ్య.

"కాటాలు సర్దేశా బావా. లారీవాడు తొందరపెడుతున్నాడు," అన్నాడు బావమరిది. "నిన్ను పిలిచి పిలిచి నోరు పడిపోయింది. దారం నేనొక కొస, అక్కొక కొస పట్టుకోవాలి. సీట్లో ఎవరో ఒకరు బరువుండాలిగా."

"చాలా బుద్ధిగా కూర్చుందండీ," అంది భార్య. "ఒక్క మాట మాట్లాడలేదు. పైగా అచ్చు నా బరువే. పిన్ని కొట్లో కాటా మీద ఎప్పుడో సరిచూసుకున్నాం."

టైలరు నవ్వాపుకోలేక టేపుతో నోరు కట్టుకున్నాడు. మావయ్య మొహం చూసి బావమరిదికి మాత్రం జాలేసింది. మంచివాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, కానీ అందరికీ వినపడేలాగే చెప్పాడు.

"బావా, నిజం చెప్పనా, ఇదేం కొంప మునిగే సంగతి కాదు. రేసులు గెలిచేవాళ్ళకి కావాలి గానీ, సరదాగా తోలుకునేవాళ్ళకి కాదు. నువ్వెక్కితే ఆ పక్క కాస్త కుంగుతుంది. మలుపులో ఒక రవ్వ చూసుకుని తిప్పితే సరి. సుబ్బరంగా తోలుకోవచ్చు."

మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ కారు తలుపు తెరిచి పట్టుకుంది.

"నాకేం పట్టింపు లేదండీ. మాటంటే మాటే గానీ, మీ వంతు మీదే, పోనీలెండి," అంది. "ఎక్కండి. కాకపోతే ఎక్కేముందు వీళ్ళకి ఒక్క మాట చెప్పి ఎక్కండి. ఎండుద్రాక్ష ఉత్తదేనని."

లారీవాడు కూడా కిందకి దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏ ఎండుద్రాక్షో తెలియకపోయినా.

మావయ్య కారు వైపు చూశాడు. ఎర్ర రంగు అక్కడక్కడ పొట్టు లేచి ఉంది. సీటు ఖాళీ చెయ్యడానికి బస్తా బెల్టు ఒక్కటి విప్పితే చాలు. స్టీరింగు మీద తోలు ఆయన అరచేతులు పడే చోట అరిగి నున్నగా ఉంది, అంటే భార్య అరచేతులు పడే చోట. ఆ వణుకు గుర్తొచ్చింది. ఆ పెద్ద మలుపు, జీపు అడ్డం లేకుండా. చెప్పబోయి ఆగిపోయిన ఆ మాట. రేపు పొద్దున్నకల్లా వినొచ్చు. ఒక్క చిన్న ముక్క, అదీ రెండు ముక్కల మాట, ఎండుద్రాక్ష ఉత్తదే అనేస్తే చాలు.

తర్వాత ఇటు చూశాడు. మాస్టారి కనుబొమలు నెత్తిమీదికెళ్ళి కూర్చున్నాయి. టైలరు నోటికి టేపు. పిన్ని నడుం మీద చేతులు. ఇన్నాళ్ళూ ఇన్ని కథలు చెప్పాడు ఇదే కొట్లో. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తీసుకున్నాడా? అమ్మిన పరుపు వెనక్కి తీసుకోడు, చెప్పిన మాటా అంతే. ఇవాళ ఎండుద్రాక్ష వెనక్కి తీసుకుంటే, రేపు నీడని అడుగుతారు. నీడని ఇచ్చేస్తే, గురకని అడుగుతారు. అలా ఊడదీసుకుంటూ పోతే చివరికి మిగిలేదేంటి? టార్చి.

ఒక అడుగు కారు వైపు వేశాడు. బావమరిది బస్తా బెల్టు మీద చెయ్యి వేశాడు.

"మాస్టారూ," అన్నాడు మావయ్య. "ఎండుద్రాక్ష అన్నమాట తప్పే."

"చెప్పాడు! చెప్పేశాడు!" అన్నాడు టైలరు టేపు పీకేసి.

"ఎండుద్రాక్ష కాదు," అన్నాడు మావయ్య. "అందులో గింజ."

"ఆఁ?"

"గింజంత తేడా వచ్చినా తిరగదు. మీరెవరూ నమ్మరని ఇందాక పెంచి ఎండుద్రాక్ష అన్నా." ఆయన గొంతు మళ్ళీ మామూలుగా అయిపోయింది. పైగా కొంచెం గంభీరంగా కూడా ఉంది. "నేనెక్కకూడదు. బండి బస్తాకి కుదిరింది. బస్తా బరువు ఎవరిదైతే వాళ్ళే తోలాలి. ఏం చేస్తాం, శాస్త్రం."

భార్య ఆయన వైపు చాలాసేపు చూసింది. నవ్వు ముందు భుజాల్లో మొదలై, గ్రీజు చేతుల దాకా వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడలేక కారు టాపు మీద తల ఆనించేసింది. తర్వాత లేచి, బస్తా నెత్తిమీది హెల్మెట్టు తీసి తను పెట్టుకుంది. పెద్దదైంది. కళ్ళ మీదికి జారింది.

"అయితే నేనే తోలాలంటారు."

"నువ్వే తోలాలి. తప్పదు. పెద్ద మలుపు దగ్గర మాత్రం..." అని ఆగాడు మావయ్య. "అక్కడ స్టీరింగు ఏదో అంటుంది. ఏమందో చూసి వచ్చి చెప్పు."

ఆవిడ నవ్వు ఆపి చూసింది. "చెప్తాను," అంది.

మావయ్య బెల్టు విప్పి, బస్తాని ఎత్తుకుని, తూలుతూ కొట్లోకి నడిచాడు. అంత బరువున్న దాన్ని అంత మెత్తగా దింపడం ఎవరూ చూసి ఉండరు. గోడ వారగా నిలబెట్టి, చాక్‌పీసు మీసాలు తుడిచి, దాని మీద కూర్చున్నాడు. బయట లారీ పలక మీద ఎర్ర కారు గొలుసు పట్టుకుని ఎక్కుతోంది. మాస్టారూ టైలరూ వాళ్ళ బల్లల మీదికి వచ్చేశారు, ఎవరూ పిలవకుండానే.

పిన్ని అడక్కుండానే ఒక బన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైనొక ఎండుద్రాక్ష, పక్కనొకటి. ఏరలేదు. రేపటికి ఇక ఎన్నయినా తినొచ్చు.